ఒట్టో గ్రాహం హెల్మెట్: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి శనివారం

మేముండేది ఒహాయోలో, క్లీవ్‌లాండ్‌కు దగ్గర్లోనే. మా ఊరి గ్రంథాలయం వాళ్ళు ఈ శీతకాలం స్థానిక క్రీడల చరిత్ర మీద ఒక గాజు బీరువా ప్రదర్శన పెడుతున్నారు. ఆసక్తి ఉన్నవాళ్ళు ఏదైనా వస్తువు తయారుచేసి, పక్కన ఒక పేజీ వివరణ రాసి ఇవ్వవచ్చు. నేను ఒట్టో గ్రాహం హెల్మెట్ నమూనా చేస్తానని పేరు రాయించాను.

ఎవరీ ఒట్టో అని ఇక్కడి కుర్రాళ్ళే అడుగుతున్నారు, ఇక మనవాళ్ళు అడగడంలో వింతేముంది. 1946 నుంచి 1955 వరకు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్ ఆయన. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలితో పని తక్కువ. బంతిని చేత్తో విసిరో, చంకన పెట్టుకుని పరుగెత్తో ఎదుటివాళ్ళ గీత దాటించాలి. దాదాపు ప్రతి ఎత్తులోనూ మొదట బంతి అందుకునేది క్వార్టర్‌బ్యాక్. దాన్ని విసరాలా, పక్కవాడికి అందించాలా, తానే పరుగెత్తాలా అన్నది రెండు మూడు క్షణాల్లో తేలిపోవాలి. ఈలోగా ఎదుటి జట్టులోని భారీకాయులందరూ ఆయన మీదికే వస్తుంటారు.

నేను చేయబోయేది ఆయన మామూలు హెల్మెట్ కాదు. 1953 నవంబరు 15న క్లీవ్‌లాండ్ మునిసిపల్ స్టేడియంలో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌తో ఆట. అప్పటికి ఆ ఏడాది బ్రౌన్స్‌కు ఓటమి లేదు. మొదటి సగంలో గ్రాహం బంతితో పరుగెత్తి పక్కగీత దాటుతుండగా ఆర్ట్ మిచలిక్ అనే ఆటగాడి మోచేయి నోటికి తగిలింది. ఆ రోజుల్లో ఎక్కువమంది హెల్మెట్లకు ముందు భాగం ఖాళీయే, ముఖానికి అడ్డం ఏమీ ఉండేది కాదు. గాయానికి 15 కుట్లు పడ్డాయి. విరామంలో కోచ్ పాల్ బ్రౌన్ ఒక పారదర్శక ప్లాస్టిక్ ముక్కను హెల్మెట్‌కు అడ్డంగా బిగింపజేసి గ్రాహంను మళ్ళీ మైదానంలోకి పంపాడు. రెండో సగంలో గ్రాహం విసిరిన 10 బంతుల్లో 9 చేరవలసిన చేతులకు చేరాయి. 23-21తో గెలిచారు.

ఈ కథను ఇక్కడ అందరూ వీరగాథగా చెబుతారు. నాకు ఆ ప్లాస్టిక్ ముక్క మీదే ఎక్కువ ఆసక్తి. తోలు కట్టొచ్చు, ఇనుప కమ్మీ పెట్టొచ్చు, పారదర్శకమైనదే ఎందుకు పెట్టినట్టు? నా పేజీ వివరణ దీనికి జవాబుగా ఉండాలి.

హెల్మెట్ డొప్ప

పాత సామాన్ల సంతలో ఒక బడి జట్టు వాడిన హెల్మెట్ దొరికింది. ఆ కాలపు ప్లాస్టిక్‌దే. లోపల తోలు పట్టీ ఎండి బిగుసుకుపోయింది, నూలు పట్టీలు రెండుచోట్ల తెగాయి. ఇంటికి తెచ్చి అట్టపెట్టె తెరవగానే పాత పసుపుపచ్చ స్క్రూడ్రైవర్ పిడికి వచ్చే వాసన, చెడిపోయిన వెన్న వాసన. మా ఆవిడ దాన్ని గ్యారేజీ దాటి లోపలికి రానివ్వలేదు. నాకు మాత్రం ఆ వాసనతో సంతోషమే వేసింది. అది సెల్యులోజ్ జాతి ప్లాస్టిక్ మెల్లగా విచ్ఛిన్నమవుతున్నప్పుడు వచ్చేది. అంటే డొప్ప నిజంగానే ఆ కాలానిది, తర్వాతి కాలపు ఏబీఎస్ ప్లాస్టిక్ కాదు.

ఈ ప్లాస్టిక్‌కూ ఒక చరిత్ర ఉంది. రిడెల్ కంపెనీ 1939 ప్రాంతంలో ప్లాస్టిక్ హెల్మెట్ తెచ్చింది. అంతకుముందు అందరివీ తోలువే. కొత్తది పగిలిపోతోందన్న ఫిర్యాదులతో అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధాన వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 1948లో దాన్ని నిషేధించి, మరుసటి ఏడే మళ్ళీ అనుమతించింది. దానిలో అసలు తెలివి డొప్పలో లేదు, లోపల ఉంది. తల ప్లాస్టిక్‌కు ఆనదు. అడ్డంగా నిలువుగా కట్టిన నూలు పట్టీల వలలో వేలాడుతుంది. దెబ్బ తగిలినప్పుడు పట్టీలు సాగి, ఆ బలాన్ని తల చుట్టూ పంచుతాయి. తెగిన పట్టీల స్థానంలో కుట్టుసామగ్రి దుకాణంలో దొరికే మందపాటి నూలు నవారు వేశాను. రివెట్లు మాత్రం పాతవే, ఇత్తడివి, జాగ్రత్తగా ఊడదీసి దాచినవి.

రంగు దగ్గర ఒక జాగ్రత్త. ఇలాంటి పాత ప్లాస్టిక్ మీద స్ప్రే రంగు కొడితే అందులోని ద్రావకం డొప్పను తినేస్తుంది, సన్నని పగుళ్ళు లేస్తాయి. కాబట్టి నీళ్ళలో కలిసే రంగే, పలచగా, పూత ఆరాక మరో పూత. బ్రౌన్స్ మొదట తెల్ల హెల్మెట్లు వాడి 1952లో నారింజకు మారారు, నడినెత్తిన తెల్లని చార ఒక్కటి. ఇప్పుడు టీవీలో కనిపించే గోధుమరంగు చారలు తర్వాత వచ్చి చేరినవి. 1953 నాటి నారింజ సరిగ్గా ఏ ఛాయ అన్నది నలుపు తెలుపు ఫొటోలు చెప్పవు. నాకు నచ్చిన ఛాయ వేశాను, కాస్త ఎరుపు కలిసింది.

రంగు ఆరేలోపు మనిషి గురించి

వివరణ పేజీకి చిత్తుప్రతి మొదలుపెట్టాను. గ్రాహం 1921 డిసెంబరు 6న ఇలినాయ్ రాష్ట్రంలోని వాకీగన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ సంగీతం నేర్పేవాళ్ళు. ఆయన పియానో, వయొలిన్, కార్నెట్, ఫ్రెంచ్ హార్న్ వాయించడం నేర్చుకున్నాడు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చేరింది బాస్కెట్‌బాల్ ఉపకారవేతనం మీద. విద్యార్థులు తమలో తాము ఆడుకునే ఫుట్‌బాల్ పోటీలో బంతి విసురుతుండగా కోచ్ కంట పడ్డాడు, అక్కడినుంచి కథ మారింది.

1941లో ఆయన జట్టు ఒహాయో స్టేట్‌ను 14-7తో ఓడించింది. ఒహాయో స్టేట్ కోచ్ అప్పటికి యువకుడైన పాల్ బ్రౌన్. ఆ ఏడాది బ్రౌన్ ఓడిన ఏకైక ఆట అదే. నాలుగేళ్ళ తర్వాత క్లీవ్‌లాండ్‌లో కొత్త వృత్తి జట్టు కడుతూ ఆయన మొదట వెతుక్కున్నవాళ్ళలో, తనను ఓడించిన ఆ కుర్రాడు ఉన్నాడు. డెట్రాయిట్ లయన్స్ జట్టు అప్పటికే గ్రాహంను ఎంపిక చేసుకుంది. కానీ ఆయన నౌకాదళ శిక్షణలో ఉన్నాడు, యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. బ్రౌన్ ఏడాదికి 7,500 డాలర్ల జీతం, దానికి తోడు యుద్ధం ముగిసేదాకా నెలకు 250 డాలర్లు ఇస్తానన్నాడు. ఆడకముందే నెల నెలా డబ్బు! నేనైనా అక్కడే సంతకం పెట్టేవాణ్ణి.

ఫుట్‌బాల్ మొదలయ్యే లోపు గ్రాహం ఖాళీగా కూర్చోలేదు. 1945-46లో రాచెస్టర్ రాయల్స్ తరఫున వృత్తి బాస్కెట్‌బాల్ ఆడాడు, ఆ జట్టు లీగ్ విజేతగా నిలిచింది. 1946 డిసెంబరులో బ్రౌన్స్‌తో ఫుట్‌బాల్ కప్పు. ఒకే సంవత్సరంలో రెండు ఆటల్లో వృత్తి విజేత.

నాకు ఈ బాస్కెట్‌బాల్ సంగతి ముఖ్యం అనిపిస్తుంది. ఒకవైపు చూస్తూ ఇంకోవైపు ఎవరు ఖాళీగా ఉన్నారో కంటి చివరతో పట్టే అలవాటు ఆ ఆటలో ఒంటబట్టేది. పాల్ బ్రౌన్ పద్ధతికి అది అతికినట్టు సరిపోయింది. ఆటగాళ్ళను తరగతి గదిలో కూర్చోబెట్టి నోటుపుస్తకాల్లో ఎత్తులు రాయించినవాడు బ్రౌన్. బంతి అందుకునే డాంటే లవెల్లీ, మ్యాక్ స్పీడీ పక్కగీత దాకా పరుగెత్తి చటుక్కున వెనక్కి తిరిగేవాళ్ళు. వాళ్ళు తిరగకముందే బంతి గ్రాహం చేయి వదిలేది. మనిషికి గురిపెట్టడం కాదు, మనిషి రాబోయే చోటికి వేయడం. అతడి వైపు చొచ్చుకొచ్చేవాళ్ళను మరియన్ మోట్లీ అడ్డుకునేవాడు. మోట్లీ, బిల్ విల్లిస్ ఇద్దరూ నల్లజాతివారు. 1946లో, అంటే బేస్‌బాల్‌లో జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌కు రావడానికి ఒక ఏడాది ముందే, బ్రౌన్స్ వాళ్ళను తీసుకుంది.

ఏ ఎత్తు వేయాలో మాత్రం గ్రాహం చేతిలో లేదు. బ్రౌన్ ప్రతిసారీ ఒక గార్డును (ముందు వరుసలో అడ్డుకునే ఆటగాణ్ణి) మార్చి, వాడి నోట కబురు పంపేవాడు. గ్రాహంకు ఇది నచ్చేది కాదు, అయినా పాటించాడు. అంత తెలివైన మనిషిని అలా కట్టేయడం అన్యాయమని చాలామంది అంటారు. పదేళ్ళ ఫలితాలు చూస్తే వాదించడం కష్టం.

ఆక్రిలిక్ వంచిన రోజు

1950ల ముఖ కవచాలకు వాడిన లూసైట్ అంటే డ్యూపాంట్ కంపెనీ ఆక్రిలిక్. ఇప్పుడు దుకాణాల సైన్‌బోర్డులకు వాడే పలకే అది. 6 మిల్లీమీటర్ల మందం పలక తెచ్చి, నాలుగు వేళ్ళ వెడల్పున పట్టీలుగా కోశాను. వెడల్పు ఎంతన్నది ఫొటోల్లో గ్రాహం దవడతో పోల్చి వేసుకున్న అంచనా.

ఆక్రిలిక్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తడి ఉండగానే బాగా వేడిచేస్తే లోపల బుడగలు లేస్తాయి. అందుకని ముందు 80 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టాలి. గ్యారేజీలో వంటకు పనికిరాని పాత ఓవెన్ ఉంది, దాని పని ఇదే. తర్వాత 160 డిగ్రీలకు పెంచితే, అప్పటిదాకా గాజులా టకటకలాడిన పట్టీ పచ్చి అప్పడంలా వాలిపోతుంది. నూలు చేతితొడుగులు వేసుకుని, మెత్తని గుడ్డ పరిచిన కొయ్య దిమ్మె మీద దాన్ని అదిమి పట్టాలి. గుడ్డ గరుకైతే దాని నేత అంతా ప్లాస్టిక్ మీద అచ్చుపడుతుంది. గట్టిపడేదాకా చేయి వదలకూడదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది: వంచి చల్లార్చిన పట్టీని మళ్ళీ ఓవెన్‌లో పెడితే దానంతటదే విచ్చుకుని చదునుగా మారిపోతుంది. పుట్టినప్పుడు తాను చదునైన పలకనని దానికి గుర్తు. ఒంపు కాస్త తేడాగా ఉంటే పారేయనక్కర్లేదు, వేడిచేసి మొదటినుంచి మొదలుపెట్టవచ్చు.

రంధ్రాలు వేయడం వేరే విద్య. లోహానికి వాడే డ్రిల్లు ముక్క ప్లాస్టిక్‌ను కొరికి లాగుతుంది, అవతలివైపు పెచ్చు ఊడుతుంది. దాని అంచులు కొంచెం మొద్దు చేసి, కింద చెక్క పెట్టి, నెమ్మదిగా తిప్పాలి. రంధ్రం స్క్రూ కన్నా కాస్త పెద్దది ఉండాలి, బిగువుగా ఉంటే ఎండకు చలికి వ్యాకోచించి అక్కడే పగులుతుంది. స్క్రూకు ప్లాస్టిక్‌కు మధ్య రబ్బరు వాషరు. చివరగా మళ్ళీ 80 డిగ్రీల దగ్గర ఉంచి మెల్లగా చల్లార్చాను, కోతలో వంపులో లోపల చేరిన ఒత్తిడి పోవడానికి. ఒక హెచ్చరిక: ఆల్కహాలు ఉన్న అద్దాల క్లీనరుతో ఆక్రిలిక్‌ను తుడవవద్దు. అంచుల దగ్గర సాలెగూడులాంటి బీటలు వస్తాయి. సబ్బు నీళ్ళు చాలు.

ఇంత ప్రయాస అంతా గ్యారేజీలో, తీరిగ్గా. క్లీవ్‌లాండ్‌లో వాళ్ళకు దొరికింది ఆట విరామం మాత్రమే. అంత నాజూకుగా వంచి ఉండరు, దొరికింది బిగించి పంపి ఉంటారు.

అన్నయ్య కొడుకు తల పెట్టిన రోజు

మా అన్నయ్య కొడుకు ఇక్కడి హైస్కూల్ జట్టులో ఆడతాడు. వాణ్ణి పిలిచి హెల్మెట్ పెట్టించాను. కాసేపు అటూ ఇటూ చూసి, రెండు చేతులూ నడుము దగ్గర చాపి నిలబడ్డాడు.

"బాబాయ్, నా చేతులు కనిపిస్తున్నాయి."

"కనిపించకపోతే ఏమవుతుంది?"

"ముందు వంగి నిలబడే సెంటర్ ఆటగాడు కాళ్ళ మధ్యనుంచి బంతి ఇస్తాడు కదా, అది చేతిలో పడుతుంటే చూడకుండా ఎలా? మా కమ్మీల మధ్యనుంచి కూడా చూస్తాం అనుకో. కానీ దీంట్లో అసలు అడ్డే తెలియడం లేదు."

నా ప్రశ్నకు నా దృష్టిలో జవాబు ఇదే. ముక్కు కింద అడ్డం పడిన వెడల్పాటి తోలు ముక్క అయితే, కింది చూపు పోతుంది. గ్రాహం ఆటంతా చూపు మీదే నిలబడింది. పళ్ళను కాపాడి చూపును కోల్పోతే కోచ్‌కు లాభం లేదు. పాల్ బ్రౌన్ జాలిపడి పెట్టించిన వస్తువు కాదిది, రెండో సగం గెలవడానికి పెట్టించింది. ఆ తర్వాత అదే అవసరానికి రిడెల్ కంపెనీ ముఖానికి అడ్డంగా ఒంటి కమ్మీ తయారుచేసింది. సన్నగా ఉంటుంది కాబట్టి చూపు పోదు, బలంగానూ ఉంటుంది. క్రమంగా లీగ్ అంతా అదే వాడింది. ముఖం మీద కమ్మీ రాగానే దాన్ని పట్టుకుని లాగేవాళ్ళూ పుట్టుకొచ్చారు. 1956లో ఎన్‌ఎఫ్‌ఎల్ దానిమీద నిబంధన పెట్టింది, అది కూడా బంతి ఉన్నవాడికి వర్తించదట! వాణ్ణి మాత్రం పట్టుకుని లాగవచ్చు. కొన్నేళ్ళకు గానీ అదీ నిషేధంలోకి రాలేదు.

సుత్తి దెబ్బ

లూసైట్ కవచాలు ఎందుకు పోయాయో కళ్ళారా చూద్దామని మిగిలిన ఆక్రిలిక్ పట్టీని గోనెసంచిలో పెట్టి సుత్తితో కొట్టాను. ఒక్క దెబ్బకు ముక్కలు. సంచి విప్పి చూస్తే పొడవాటి కత్తుల్లాంటి పెచ్చులు, ఒకటి గోనె నేతలోంచి బయటికి పొడుచుకొచ్చింది. ముఖానికి వేలెడు దూరంలో ఇది ఉండటం ఊహించుకోండి. అందుకే లీగ్ అలాంటివి వద్దంది.

అదే మందం ఉన్న పాలీకార్బనేట్ అనే మరో ప్లాస్టిక్ పట్టీని అదే సంచిలో పెట్టి కొట్టాను. సుత్తి ఎగిరింది, పట్టీ మీద తెల్లటి సొట్ట పడింది. అంతే. ఈనాటి ఆటగాళ్ళ హెల్మెట్లకు కళ్ళముందు కనిపించే పారదర్శక తెర దీనితో చేసేదే. దాన్ని జర్మనీలో బేయర్ కంపెనీ రసాయనవేత్త హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన డేనియల్ ఫాక్స్ వేరువేరుగా కనుగొన్నది 1953లోనే. గ్రాహం నోటికి కుట్లు పడిన సంవత్సరం. బజారుకు రావడానికి మరికొన్నేళ్ళు పట్టింది.

ప్రదర్శనలో పిల్లలు ముట్టుకుంటారు కాబట్టి పాలీకార్బనేట్ పెట్టమని అన్నయ్య సలహా. బీరువాకు తాళం ఉంటుంది. ఆక్రిలిక్కే పెడుతున్నాను.

వివరణ పేజీ మీద తగువు

చిత్తుప్రతిలో నేను రాసిన వాక్యం: గ్రాహం పదేళ్ళు ఆడాడు, పదేళ్ళూ ఆయన జట్టు ఫైనల్‌కు వెళ్ళింది, ఏడుసార్లు గెలిచింది. చదివినవాళ్ళలో ఒకరు అభ్యంతరం చెప్పారు. మొదటి నాలుగు కప్పులు 1946-49 మధ్య ఆల్ అమెరికా ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్ అనే పోటీ లీగ్‌లోవి, ఎన్‌ఎఫ్‌ఎల్‌వి కావు, వాటిని విడిగా చూపాలట.

మనకు ఈ తగువు తెలిసిందే. 1977లో కెర్రీ ప్యాకర్ పెట్టిన వరల్డ్ సిరీస్ క్రికెట్‌లో ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళు ఆడారు, ఆ పరుగులు మాత్రం అధికారిక లెక్కల్లోకి ఎక్కలేదు. ఇక్కడ తేడా ఏమిటంటే తీర్పు మైదానంలోనే వచ్చింది. 1950 సెప్టెంబరు 16న, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బ్రౌన్స్ మొట్టమొదటి ఆట ఫిలడెల్ఫియాలో, అప్పటి విజేత ఈగల్స్‌తోనే పెట్టారు. చిన్న లీగ్ నుంచి వచ్చినవాళ్ళకు పాఠం చెబుతారని 71 వేలకు పైగా జనం వచ్చారు. గ్రాహం 346 గజాలు విసిరాడు, 35-10తో బ్రౌన్స్ గెలుపు. ఆ ఏడాది కప్పు కూడా బ్రౌన్స్‌దే. క్రిస్మస్ ముందు రోజు, గడ్డకట్టిన మైదానంలో, 28 సెకన్లు మిగిలి ఉండగా, బంతి తన్ని పాయింట్లు తెచ్చే లూ గ్రోజా కాలి దెబ్బతో 30-28. ఇక 2025లో ఎన్‌ఎఫ్‌ఎల్లే ఆ పాత లీగ్ గణాంకాలను తన లెక్కల్లో కలుపుకుంటున్నట్టు ప్రకటించింది. నా వాక్యం మార్చలేదు.

అయితే ఆ వాక్యం పక్కన ఓడిన మూడు ఫైనల్స్‌కూ చోటిచ్చాను. ముఖ్యంగా 1953ది. మోచేయి దెబ్బ తర్వాత ఆరు వారాలకు, డిసెంబరు 27న డెట్రాయిట్‌తో ఫైనల్. ఆ ఏడాది లీగ్‌లోకెల్లా గురి ఉన్న చేయి ఆయనది, నూటికి 64.7 బంతులు చేరాయి. ఆ రోజు మాత్రం 15 విసిరితే చేరినవి 2, మొత్తం 20 గజాలు. 17-16తో ఓటమి. కుట్లతో ఆడి గెలిచిన ఆటను అందరూ చెబుతారు, ఇది చెప్పేవాళ్ళు తక్కువ. మరుసటి ఏడాది అదే డెట్రాయిట్‌ను 56-10తో చిత్తుచేశారు. మూడు టచ్‌డౌన్లకు (బంతి ఎదుటి గీత దాటడానికి) బంతి విసిరి, మరో మూడు తనే పరుగెత్తి చేసి, ఇక చాలని ఆట మానేశాడు గ్రాహం. కొత్త క్వార్టర్‌బ్యాక్ కుదరక బ్రౌన్ బతిమాలితే 25,000 డాలర్లకు ఇంకొక్క ఏడాది తిరిగొచ్చాడు, లాస్ ఏంజెలెస్‌లో 38-14తో ఆ కప్పు కూడా గెలిచి వెళ్ళాడు. ఒక్కో విసురుకు సగటున 8.98 గజాలు, మొత్తం 23,584 గజాలు, 174 టచ్‌డౌన్ పాసులు.

తర్వాతి జీవితానికి పేజీలో మూడు వాక్యాలే దక్కాయి. 1959 నుంచి కనెటికట్‌లోని కోస్ట్ గార్డ్ అకాడమీలో కోచ్. 1965లో మేటి ఆటగాళ్ళకు దక్కే గౌరవం, హాల్ ఆఫ్ ఫేమ్. వాషింగ్టన్ జట్టుకు 1966 నుంచి మూడేళ్ళు కోచ్‌గా ఉండి 17 గెలుపులు, 22 ఓటములు మూటగట్టుకుని మళ్ళీ అకాడమీకే. గొప్పగా ఆడినవాడు గొప్పగా నేర్పగలడన్న నమ్మకానికి ఆయన పెద్దగా సాయం చేయలేదు. 1964లో, జట్టు మేటి పరుగుల ఆటగాడు జిమ్ బ్రౌన్ ఉండగా క్లీవ్‌లాండ్ గెలవదని బహిరంగంగా అన్నాడు, ఆ ఏడే క్లీవ్‌లాండ్ గెలిచింది. ఇది పేజీలో పెట్టలేదు, చోటు లేక కాదు, ఇక్కడి పెద్దవాళ్ళు నొచ్చుకుంటారని. చివరి రోజుల్లో అల్జైమర్స్ వచ్చింది. 2003 డిసెంబరు 17న ఫ్లోరిడాలోని సారసోటాలో పోయాడు.

ప్రస్తుత స్థితి

డొప్ప, లోపలి వల, ముఖం పట్టీ అయిపోయాయి. చొక్కా కూడా పెట్టాలని గ్రంథాలయం వాళ్ళు అడిగారు. అంకె విషయంలో జాగ్రత్తగా ఉండాలి: 1951 దాకా ఆయనది 60, స్థానాన్ని బట్టి అంకెలు ఇచ్చే నిబంధన వచ్చాక 1952 నుంచి 14. మాది 1953 హెల్మెట్ కాబట్టి 14 వేయిస్తున్నాను. గడ్డం పట్టీకి ఇంకా సరైన నొక్కుడు గుండీలు దొరకలేదు. ఇత్తడివి ఎక్కడైనా ఉంటే చెప్పండి, నికెల్ పూత ఉన్నవి వద్దు.